చర్మం, జుట్టు, గోళ్లు: జొన్న రొట్టె పక్కన ఏముందో చూడండి

కొర్రల వీడియో పెట్టిన తర్వాత నాకు వచ్చిన ఫోన్లలో సగానికి సగం పంట గురించి కావు. "అన్నా, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతాంది, ఏ చిరుధాన్యం తినాల?" "పాపకి మోచేతుల మీద చర్మం గరుగ్గా ముళ్లు ముళ్లుగా అయింది, జొన్నలు పెడితే తగ్గుతుందా?" "గోళ్లు ఊరికే విరిగిపోతున్నాయి, మీ దగ్గర ఏమన్నా పొడి ఉందా?" ఇవీ ప్రశ్నలు.

ఇట్లాంటి ప్రశ్న రాగానే మనలో చాలామంది ఒక ప్యాకెట్ చేతిలో పెట్టేస్తున్నాం. స్టాళ్లలో చూడండి, కొర్రల ప్యాకెట్ మీద "చర్మ కాంతికి", రాగిపిండి మీద "ఒత్తైన జుట్టుకి" అని అచ్చు వేసి ఉంటుంది. నేనూ జొన్న, కొర్ర పండించి అమ్ముకునేవాణ్నే, చెక్క గానుగ కూడా నడుపుతున్నా. అమ్మకం పెరిగితే నాకేం చేదు కాదు. కానీ చిరుధాన్యం గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ చెప్పని ఒక పాత సంగతి ఉంది. మన తెలుగు నేల మీద, జొన్న తినే ఇళ్లలోనే వచ్చిన చర్మరోగం సంగతి. అది తెలిస్తే ప్యాకెట్ మీద ఏం రాయాలో, కంచంలో ఏం పెట్టాలో రెండూ తేలిపోతాయి.

ఆ రోగం పేరు పెల్లాగ్రా. చేతుల వెనక, ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ, అంటే ఎండ తగిలే చోటల్లా చర్మం ముందు ఎర్రబడి, తర్వాత నల్లగా మందంగా అయి, పగిలి పొరలు లేస్తుంది. మెడ చుట్టూ నల్లటి హారం వేసినట్టు కనిపిస్తుంది. నాలుక ఎర్రగా మండుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి కూడా చెదురుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కి ఒక పరిశోధన సంస్థ తరలి వచ్చింది. ఇప్పుడు మనం జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్ అంటున్నది దాన్నే. అక్కడ పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య ఈ రోగులను గమనించారు. అప్పటిదాకా ప్రపంచంలో పెల్లాగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు అనే లెక్క. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న పిండి మీదే బతికిన పేద కూలీల్లో అది వేలమందిని చంపింది. అక్కడ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు, ఇది అంటురోగం కాదు, తిండిలో లోటు అని 1914 నుంచి పోరాడి నిరూపించాడు. మన దక్కన్‌లో మాత్రం రోగులు మొక్కజొన్న తినేవాళ్లు కాదు, జొన్న తినే పేదవాళ్లు. ఆ విషయం గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు.

పెల్లాగ్రాకి కారణం నయాసిన్ అనే బి3 విటమిన్ తక్కువ కావడం. ఈ విటమిన్ తిండిలో నేరుగా దొరుకుతుంది, లేదంటే ప్రోటీన్‌లో ఉండే ట్రిప్టోఫాన్ అనే ముక్క నుంచి ఒళ్లు కొంత తయారు చేసుకుంటుంది. దాదాపు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చయితే ఒక మిల్లీగ్రాము నయాసిన్ తయారవుతుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, జొన్నలో నయాసిన్ బియ్యం కంటే తక్కువేం లేదు. మరి రోగం ఎందుకు వచ్చినట్టు? జొన్నలో ల్యూసిన్ అనే ఇంకో ప్రోటీన్ ముక్క మరీ ఎక్కువగా ఉండి, ఈ తయారీకి అడ్డు తగులుతోందని గోపాలన్ బృందం చెప్పింది. తర్వాత వేరే శాస్త్రవేత్తలు దాని మీద ఏళ్లకొద్దీ వాదులాడుకున్నారు. ఆ వాదన మనం తేల్చలేం. రైతుగా నాకు పట్టేది ఒక్కటే. మూడు పూటలా జొన్న, దానికి తోడు కారం, ఉప్పు తప్ప ఇంకేం లేని కంచంలో ఈ రోగం పుట్టింది. పప్పు, పాలు, బుడ్డలు, మాంసం తగినంత ఉన్న చోట పెల్లాగ్రాకి నిలవనీడ ఉండదు.

ఇది విని "జొన్నను తిడుతున్నావా?" అనకండి. జొన్న మంచి గింజ. వానలు ముఖం చాటేసిన ఏడాది కూడా మన నల్లరేగడిలో నిలబడే గింజ. కాకపోతే అది ఒంటరిగా కాపురం చేయలేదు. మన పెద్దవాళ్లకి ల్యూసిన్ పేరు తెలియదు గానీ, రొట్టె పక్కన ఊరుబిండి పెట్టుకున్నారు. ఊరుబిండి అంటే ఏముంది, వేయించిన బుడ్డలు, మిరపకాయలు, చింతపండు. వందగ్రాముల బుడ్డల్లో 12 మిల్లీగ్రాముల దాకా నయాసిన్ ఉంటుంది. రోజూ ఒక గుప్పెడు, 35 గ్రాములు తింటే 4 మిల్లీగ్రాములు వచ్చేస్తుంది. కూర్చుని పనిచేసే ఆడమనిషికి రోజుకు కావలసింది 11. మూడో వంతు గుప్పెడు బుడ్డల్లోనే వచ్చేస్తోంది. పైగా ప్రోటీన్ వందకు 23 గ్రాములు. జొన్న పండి బుడ్డలు కూడా పండే మన సీమకి ఇంతకంటే మంచి జోడీ నాకు తోచదు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. కాలవల నీళ్లొచ్చాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. జొన్న రొట్టె వెనక్కి పోయి తెల్లన్నం ముందుకొచ్చింది. ఆసుపత్రుల్లో పెల్లాగ్రా అరుదైపోయింది. ఇప్పుడు ఎక్కువగా రోజూ మందు తాగి తిండి మానేసినవాళ్లలో, ఒక్కోసారి టీబీకి ఐసోనియాజిడ్ మాత్ర వాడుతూ సరిగా తినని వాళ్లలో కనిపిస్తుంది. మీ ఇంట్లో అట్లాంటివాళ్లకి చేతుల వెనక, మెడ మీద చర్మం నల్లగా పగులుతుంటే ఎండ దెబ్బ అని వదిలేయొద్దు, టీబీ మాత్ర సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి చూపించండి.

ఒక లోటు తగ్గింది గానీ ఇంకోటి బలంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో 60. అంటే ఐదేళ్లలో కదిలింది ఒక్క శాతం. రక్తహీనతకి కారణాలు చాలా ఉన్నాయి, కానీ కంచం వైపు చూస్తే పాలిష్ బియ్యం వందగ్రాముల్లో ఐరన్ ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. సజ్జల్లో 6 దాటి ఉంటుంది, జొన్నలో 4 దగ్గర. ఆడమనిషికి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములని ఐసీఎంఆర్ 2020 లెక్క.

జుట్టు, గోళ్లు అడిగిన అక్కచెల్లెళ్లలో చాలామంది అసలు సమస్య ఇక్కడే ఉండొచ్చు. ఒంట్లో సరుకు తగ్గినప్పుడు ఒళ్లు ముందు గుండెకి, మెదడుకి, రక్తానికి పంచుతుంది. జుట్టుకి, గోటికి చివరి వాటా. కాలవ చివరి పొలం లాంటివి అవి. నీళ్లు తగ్గితే ముందు ఎండేది టెయిలెండ్ పొలమే కదా. గోళ్లు పల్చబడి, మధ్యలో గుంటపడి చెంచాలాగా తయారైతే అది ఐరన్ లోటుకి పాత గుర్తు. పెదవుల మూలలు పగిలి మంట పుడితే బి2 లాంటి విటమిన్లు, ఐరన్ తగ్గి ఉండొచ్చు. గోళ్ల మీద తెల్ల చుక్కలు పడితే కాల్షియం లేదంటారు. చాలావరకు అది గోటికి తగిలిన చిన్న దెబ్బే, భయపడక్కర్లేదు.

జుట్టు రాలడంలో ఒక మోసం ఉంది, గమనించండి. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, పది కిలోలు తగ్గాలని తిండి మానేయడం, వీటిలో ఏది జరిగినా జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు నెలల తర్వాత రాలుతుంది. అప్పుడు మనం నిన్న మార్చిన షాంపూని తిట్టుకుంటాం. తర్వాత చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఎవరు ఏ నూనె అమ్మినా, ఆ నూనెకే పేరు వస్తుంది! రోజుకు 100 వెంట్రుకల దాకా రాలడం మామూలే. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి. కాబట్టి ఈరోజు తిండి మార్చినా ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. వారంలో తేడా చూపిస్తానన్నవాణ్ని నమ్మొద్దు.

బయోటిన్ మాత్రల గురించీ అడుగుతున్నారు. మామూలుగా తినే మనిషికి బయోటిన్ తక్కువ కావడం చాలా అరుదు. గుడ్లు, బుడ్డలు, పప్పుల్లోనే వస్తుంది. పచ్చి గుడ్డు తాగే అలవాటు ఉంటే మానండి, పచ్చి తెల్లసొన బయోటిన్‌ని ఒంటికి అందకుండా పట్టేస్తుంది. ఉడికిస్తే ఆ బాధ లేదు. ఇంకో మాట, బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో మింగుతుంటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల రిపోర్టులు తప్పుగా రావచ్చు. పరీక్షకి పోయేముందు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి.

ఇక పాపకి మోచేతుల మీద గరుకు చర్మం అన్నారే, దానికి మన నేలతో దగ్గర చుట్టరికం ఉంది. స్కూలు వయసు పిల్లల్లో మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద వెంట్రుక మొదళ్లు గట్టిపడి చిన్న చిన్న ముళ్లలా తేలతాయి. చెయ్యిపెడితే తురుముపీట తాకినట్టు ఉంటుంది. డాక్టర్లు ఫ్రైనోడెర్మా అంటారు, కప్ప చర్మం అని అర్థం. ఒకప్పుడు దక్షిణాదిలో ఇది బాగా ఉండేది. విటమిన్ ఎ ఒక్కటే కారణమని మొదట అనుకున్నారు. తర్వాత ఇక్కడి పరిశోధనల్లో, నూనెల్లో ఉండే అత్యవసర కొవ్వులు, బి విటమిన్లు కూడా ముఖ్యమని తేలింది. పిల్లలకి ఇచ్చి చూసిన నూనెల్లో కుసుమ నూనె ఒకటి. కుసుమ నూనెలో లినోలిక్ ఆమ్లం వందకు 75 దాకా ఉంటుంది. ఆ ఆమ్లాన్ని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. చర్మంలోంచి నీరు ఆవిరైపోకుండా కాపాడే పొర కట్టేది దాంతోనే.

ఒకప్పుడు నంద్యాల, కర్నూలు, కడప నల్లరేగళ్లలో జొన్న చేను చుట్టూ, శనగ చేను చుట్టూ కుసుమ సాళ్లు ఉండేవి. ఇప్పుడు ఎన్ని చోట్ల చూస్తున్నారు? గట్టు మీద కుసుమ పోయింది, ఇంట్లోకి పామాయిల్ ప్యాకెట్ వచ్చింది. (గరుకు చర్మం అన్నీ ఇదే కావు. దురద ఉంటే, ఎర్రగా ఉంటే గజ్జి, తామర, ఎగ్జిమా ఏదైనా కావచ్చు. చూపించుకోవాలి.)

ఇప్పుడు మన ప్రకృతి సేద్యం దగ్గరికి వద్దాం. జీవామృతం పోసి పండించాం కాబట్టి మన తోటకూరలో ఐరన్ రెట్టింపు అని నేను చెప్పను. రకాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది. మనకి ఉన్న అసలు బలం వేరే. పత్తి ఒక్కటే వేసిన ఎకరం ఇంటికి ఒక్క ముద్ద కూడా పెట్టదు. రైతు సాధికార సంస్థ వాళ్లు చెప్పే నవధాన్యాల పద్ధతి చూడండి. తొలకరికి ముందే జొన్న, సజ్జ, కంది, పెసర, అలసంద, నువ్వులు, గోగు, తోటకూర అన్నీ కలిపి చల్లుతాం. నేల కోసమని వేస్తున్నాం గానీ, అదే మొత్తం కంచం. ఆ పచ్చిరొట్ట కోసేముందు 30 రోజులపాటు వారానికి రెండుసార్లు అందులోంచి అలసందాకు, గోంగూర, తోటకూర గిల్లుకుని ఇంటికి తెచ్చుకోండి. చాలామంది అది పశువులకీ నేలకే అనుకుని వదిలేస్తున్నారు.

కలుపు ఆకులూ అంతే. చెంచలాకు, గురుగాకు, గంగపాయల ఆకు, పొన్నగంటి మనం నాటకపోయినా వస్తాయి. కలుపుమందు కొట్టిన చేలో మొదట పోయేవి ఈ కూరలే. కలుపుమందు వద్దనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. పక్క పత్తి చేలో, మిరప చేలో మందు కొట్టిన గట్ల మీద మాత్రం కోయకండి.

ఆకు తిన్నంత మాత్రాన ఐరన్ ఒంటికి పట్టదు. పప్పులో ఆకు వేసి దించాక నిమ్మకాయ పిండండి, పచ్చి ఉల్లిపాయ నంజుకోండి, తర్వాత ఒక జామకాయ తినండి. నల్లమల నుంచి చెంచులు ఏరి తెచ్చే ఉసిరికాయలు సీజన్‌లో ఆత్మకూరు చుట్టుపక్కల దొరుకుతాయి, అవి అన్నిటికంటే మేలు. విటమిన్ సి తోడుంటే ఆకుల్లో, గింజల్లో ఉన్న ఐరన్ చాలా ఎక్కువగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదంతా బూడిదలో పోసినట్టే, కనీసం గంట ఆగండి. జొన్నపిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి కాయడం మన అవ్వల పద్ధతి. పులిస్తే జింక్, ఐరన్‌ని పట్టేసే ఫైటేట్ తగ్గుతుంది, ప్రోటీన్ కూడా బాగా అరుగుతుంది. కొర్రలు మరకి ఇచ్చేటప్పుడు పైపొట్టు తీస్తే చాలని, తెల్లగా పాలిష్ పట్టొద్దని గట్టిగా చెప్పండి. తవుడు ఉన్న బియ్యం త్వరగా ముక్కవాసన వస్తుంది కాబట్టి నెలకు సరిపడా మాత్రమే ఆడించుకోండి.

శాకాహారులకి ఒక మాట. బి12 విటమిన్ ఏ ఆకులోనూ, ఏ చిరుధాన్యంలోనూ లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. ఆవుని పెట్టుకుని, పేడ, మూత్రం జాగ్రత్తగా పట్టి, పాలు మొత్తం కేంద్రానికి పోసేసే ఇళ్లు నాకు తెలుసు. ఇంట్లో పిల్లలకి అర లీటరు ఆపండి స్వామీ.

మన ఇంటికి ఎంత కావాలో లెక్క వేసుకుంటే భయం పోతుంది. పైన వీడియోలో బోర్డు మీద వేసి చూపించిన లెక్క ఇదే. ఎన్‌ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో ఒక మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు గుడ్డు మాంసం అన్నీ కలిపి 85, బుడ్డలు నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పళ్లు 100, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇది 2000 కేలరీల మనిషికి. ఎండలో పార పట్టేవాళ్లకి ధాన్యం, పప్పు ఇంకా కావాలి.

నలుగురున్న ఇంటికి ఏడాదికి ధాన్యం 365 కిలోలు. అందులో సగం జొన్న, కొర్ర, సజ్జ అనుకుంటే రెండు క్వింటాళ్లు కూడా కాదు. పప్పు 124 కిలోలు, గుడ్లు మాంసం తినే ఇంటికి ఇంకా తక్కువ. గింజలు 51 కిలోలు, అన్నీ బుడ్డలే అనుకుంటే కాయల్లో 73 కిలోలు, రెండు సంచులు. నూనె 40 కిలోల లోపు. ఐదెకరాల రైతు అమ్మే సరుకులో ఇది ఎంత? కళ్లంలోనే ఈ సంచులు పక్కన పెట్టి, మిగతాది బండికెక్కించండి. అమ్మేసి మళ్లీ అంగట్లో కొంటే రెట్టింపు ధర, పైగా అది ఎవరు ఏం మందు కొట్టి పండించారో తెలియదు. ఇంట్లో పెద్దకోడలు నెలసరి ఎక్కువై, రక్తం తక్కువై ఉందంటే ఆ సంచుల్లో మొదటి వాటా ఆమెది. అందరూ తిన్నాక మిగిలింది తినే పద్ధతి ఉన్న ఇంట్లో, ఏ పంట వేసినా ఆమె గోళ్లు బాగుపడవు. తిండితోపాటు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, తక్కువుంటే ఐరన్ మాత్రలు వాడాల్సిందే. ఆకుకూర మాత్రకి బదులు కాదు.

ప్యాకెట్ల సంగతి కూడా చెప్పేస్తా. 2018లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకటనల నిబంధనల ప్రకారం, తిండి వస్తువు మీద రోగం తగ్గిస్తుందని రాయడం కుదరదు. నేను నా కొర్రల సంచి మీద రకం పేరు, ఆడించిన తేదీ, పాలిష్ చేయలేదన్న మాట మాత్రమే వేస్తున్నా. "పప్పుతో, ఆకుకూరతో తినండి" అని కింద ఒక లైను. కొనేవాళ్లు ఎవరూ తగ్గలేదు.

ఈ రబీలో మీరు కొత్తగా ఒక్క పని చేయాలంటే కుసుమ వేయండి. జొన్నకో శనగకో చేను చుట్టూ నాలుగు సాళ్లు చాలు. అక్టోబర్‌లో పదును ఉండగా వేయాలి, సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కకి మొక్కకి 20. మొత్తం చేను వేసేవాళ్లకి ఎకరాకి 4 కిలోల విత్తనం సరిపోతుంది. వేరు లోతుకి దిగుతుంది కాబట్టి వాన పడకపోయినా నిలబడుతుంది. ముళ్ల వల్ల మేకలు లోపలికి రావు. పేనుబంక ఒక్కటే పెద్ద శత్రువు. మొదట గట్టు వైపు మొక్కల మీద కనిపిస్తుంది, కనిపించిన రోజే నీమాస్త్రం కొట్టండి. 15, 20 రోజులప్పుడు ఒత్తు మొక్కలు పీకేస్తాం కదా, వాటిని పారేయొద్దు. అప్పటికి ముళ్లు రావు, లేత ఆకు పప్పులోకి బాగుంటుంది. గింజ వంద కిలోలకి నా గానుగలో 25 కిలోల దాకా నూనె వస్తోంది. ఆ నూనెని బజ్జీలు వేయడానికి వాడకండి, ఎక్కువ వేడికి త్వరగా చెడిపోతుంది. పోపుకి, పొడి అన్నంలోకి వాడుకుని, వేపుళ్లకి బుడ్డల నూనె పెట్టుకోండి. కోత తెల్లవారుజామున మంచు తడి ఉండగా మొదలుపెడితే ముళ్లు మెత్తగా ఉంటాయి, చేతులు గీరుకోవు. విత్తనం ఎలా ఎంచుకోవాలో వచ్చే వీడియోలో చేలో నిలబడి చూపిస్తా.